ఎల్లారెడ్డి సైరన్ లోపలి రెండు నిమిషాలు

సైరన్ ఆలస్యంగా మోగితే ఏమవుతుంది? ఫ్యాక్టరీ సైరన్ అయితే ఏమీ కాదు, నలుగురు కూలీలు ఆలస్యంగా వస్తారు, అంతే. ఎల్లారెడ్డి మసీదు మీది సైరన్ రంజాన్ నెలలో ఆలస్యంగా మోగితే మాత్రం ఊరి ఉపవాసాలే పోతాయి.

తెల్లవారకముందు సహర్ తినడం ఇక ఆపమని, సాయంత్రం ఇఫ్తార్‌తో ఉపవాసం విప్పమని చెప్పేది ఆ సైరనే. తెల్లవారుజామున అది మోగేదాకా జనం తింటారు, నీళ్లు తాగుతారు. మోగిందంటే నోట్లో ముద్ద ఉన్నా ఊసేస్తారు. తెల్లారిన తర్వాత తిన్నారని తేలితే ఆ రోజు రోజా చెల్లదు. పండుగ అయిపోయాక, ఊళ్లో మిగతావాళ్లంతా హాయిగా తిని తిరుగుతున్నప్పుడు, దానికి బదులు ఇంకో రోజు ఎండలో ఎండాలి. దాన్ని ఖజా అంటారు. ఒక మనిషి తప్పు చేస్తే ఒక మనిషి ఖజా. సైరన్ తప్పు చేస్తే ఊరంతా ఖజా.

ఆ సైరన్‌ను మోగించే ప్రోగ్రాం రాసింది హుమేరా.

హుమేరాది కామారెడ్డి. ఇంటర్ సగంలో ఆగింది. కంప్యూటర్ కోర్సు ఏదీ చేయలేదు. స్టేషన్ రోడ్డులో ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చుని, గిరాకీ లేని వేళల్లో ఇతరులు రాసిన ప్రోగ్రాములు తెరిచి చదివి, విరగ్గొట్టి, మళ్లీ అతికించి రూబీ అనే కంప్యూటర్ భాష నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఎవరినో అడిగి పని మొదలుపెట్టే అలవాటు లేదు. కామారెడ్డిలో ఒక మసీదుకు, ఎల్లారెడ్డిలో ఒక మసీదుకు అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటర్లు రెండు పెట్టి, వాటికి సైరన్లు తగిలించింది. అప్పటిదాకా ఎవరో ఒకరు గడియారం చూసి బటన్ నొక్కేవాళ్లు. ఆ ఒకరు నిద్రపోతే ఊరూ నిద్రపోయేది.

రెండు రంజాన్లు సాఫీగా గడిచాయి. మూడో రంజాన్ మొదటి వారం ముగిశాక, ఎల్లారెడ్డి మసీదు కమిటీలో ఉండే ఉమర్ ఒక తెల్లవారుజామున గోడమీది క్యాలెండర్ పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. సైరన్ రెండు నిమిషాలు ఆలస్యంగా మోగింది. మర్నాడూ అంతే. వీడియో తీసి కమిటీ వాట్సాప్ గ్రూపులో పడేశాడు.

ఇక్కడ ఆ క్యాలెండర్ గురించి ఒక మాట చెప్పాలి. రంజాన్ ముందు ఇంటింటికీ వచ్చే ఆ కాగితంలో వేళలన్నీ హైదరాబాద్‌వి. అడుగున చిన్న అక్షరాల్లో జిల్లాల లెక్క ఉంటుంది. పడమటికి పోయేకొద్దీ సూర్యుడు ఆలస్యం కాబట్టి కామారెడ్డివాళ్లు ఒక నిమిషం కలుపుకోవాలి, ఎల్లారెడ్డివాళ్లు రెండు, జుక్కల్ వైపు ఇంకొంచెం. దాని కింద ఇంకో వరుస: సహర్ ముగిసే వేళను ముందుజాగ్రత్తగా ఐదు నిమిషాలు ముందుకు జరిపి వేశాం. ఆ జాగ్రత్తకు ఎహ్తియాత్ అని పేరు. ఈ కలుపుకోవడం తాతల నాటి అలవాటు. పిల్లలకు కూడా నోటికి వచ్చు. ఉమర్ కూడా ఎల్లారెడ్డి రెండు కలుపుకునే చూశాడు, ఆపైన ఇంకో రెండు తేలాయి.

వీడియో చూసిన పొద్దున హుమేరా కామారెడ్డి నుంచే బోర్డులోకి వెళ్లి చూసి ఫోన్‌లో చెప్పింది: "కోడ్ మంచిగనే ఉంది. లెక్క కరెక్టే. ఎహ్తియాత్ మాత్రం అండ్ల లేదు."

ఆ చివరి మాటతో నిప్పు అంటుకుంది. ముందుజాగ్రత్త లేదు, పైగా ఆలస్యం. అంటే ఊరు తెల్లారిన తర్వాత తిన్నట్టే కదా. క్యాలెండర్‌లో ఐదు ముందే తీసేసి ఉన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ తట్టలేదు. ఇమాం సాబ్ ఒకటే మాట అన్నారు: "ఇయ్యాల ఇఫ్తార్ లోపట మైకుల చెప్పాలె. చెల్లినయి అనాలన్నా నాకు ఆధారం కావాలె, చెల్లలేదనాలన్నా కావాలె. అందాజగ నేను నోరు తెరువ."

హుమేరా ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది.

*

బస్టాండు దగ్గర కమిటీ సదర్, అంటే అధ్యక్షుడు, అజీముద్దీన్‌కు హార్డ్‌వేర్ దుకాణం ఉంది. పంచాయితీ అక్కడే పెట్టారు. ఉమర్ మసీదు నుంచి బోర్డు ఊడదీసుకొచ్చి, తూకం పక్కన, మేకుల డబ్బాల నడుమ పెట్టాడు. దుకాణంలో దొంగలను చూడటానికి పెట్టిన సీసీ కెమెరాల టీవీ ఉంటే, దాని వైరు పీకి బోర్డుకు తగిలించారు. ఇమాం సాబ్‌కు స్టూలు వేశారు. మోటారు ఫుట్‌వాల్వ్ కొనడానికి వచ్చిన గంగారాం అనే రైతు, కొన్నాక కూడా పోకుండా సిమెంటు బస్తా మీద కూర్చున్నాడు. ఉర్దూలో మొదలైన మాటలు ఆయన కోసం తెలుగులోకి దిగాయి.

"నీకేం పని ఈడ, గంగారాం?" అజీముద్దీన్ అడిగాడు.

"మా ఇంట్ల ఆ సైరన్‌కే లేస్తరు, సేటు. అది తప్పయితే మా ఎడ్లు సుత తప్పు టైంకు లేసినట్టే గద."

ఎవరూ నవ్వలేదు. ఉపవాసంతో గొంతులు ఎండి ఉన్నాయి.

ఉమర్ నిలబడే మాట్లాడాడు. "పొద్దున నువ్వేమన్నవ్, హుమేరా? కోడ్ మంచిగుందన్నవ్. మంచిగుంటే రెండు నిమిషాలు ఏడికెల్లి వచ్చినయి?"

"అది చూడనీకే వచ్చిన."

"అసలు ఆ లెక్క నువ్వు రాసిందేనా?"

"కాదు. సైరన్ మోగించేది నేను రాసిన. సూర్యుని లెక్క వేరేటోళ్లది." హుమేరా ల్యాప్‌టాప్ తెరుస్తూ చెప్పింది. "రూబీల ఒకళ్లు రాసిన కోడ్ మూట కట్టి పెడ్తరు, ఇంకొకళ్లు తెచ్చుకొని వాడుకుంటరు. ఆ మూటను జెమ్ అంటరు. వక్త్ అని ఒక జెమ్ ఉన్నది. తారీఖు ఇస్తే, ఊరు భూమ్మీద యాడ ఉన్నదో ఆ అంకెలు ఇస్తే, తెల్లారేది ఎప్పుడో, పొద్దు మునిగేది ఎప్పుడో చెప్తది."

"అంటే ముక్కు మొఖం తెల్వనోడు రాసిన లెక్క మీద మేం రోజాలుంటున్నం."

"క్యాలెండర్ రాసినాయన ముక్కు మొఖం నీకు తెల్సా, ఉమర్ భాయ్?"

గంగారాం దగ్గి నవ్వు దాచుకున్నాడు. ఉమర్ ముఖం ఎర్రబడింది. ఆయన దగ్గర వేరే మందు ఉంది, దాన్ని బయటికి తీశాడు. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ సైరన్ చూసిపెట్టాడట. పెట్టె తెచ్చి గోడకు కొడితే చాలట, దాని లోపల ఏముందో చూసే పనే ఉండదట.

"చూసే పని ఉండదు కాదు, చూసే దారి ఉండదు," అంది హుమేరా.

అజీముద్దీన్ అనుభవమున్న వ్యాపారి. ఇద్దరి మాటా పట్టించుకోకుండా ఉమర్ ఫోన్ లాక్కుని ఆ కంపెనీకే కలిపి, స్పీకర్ పెట్టాడు. "సహర్‌కు ఎహ్తియాత్ ఎన్ని నిమిషాలు పెట్టిన్రు మీరు?"

"సార్, అది మా సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిగ్గా ఉంటుంది."

"ఉంటది సరే. ఎంత?"

"ఆటోమేటిక్ సార్."

"ఆటోమేటిక్ అంటే మూడా, ఐదా?"

"సార్, మీ అడ్రస్ చెప్తే డెమోకు మనిషిని పంపిస్తాం."

అజీముద్దీన్ ఫోన్ పెట్టేసి ఉమర్ చేతిలో పెట్టాడు. ఇమాం సాబ్ గడియారం వైపు చూశారు. అసర్ నమాజుకు ఇంకా వేళ ఉంది కానీ ఎక్కువ లేదు.

*

హుమేరా పొద్దున చూసిన ఫైలునే టీవీ మీద తెరిచింది. నల్లటి తెర మీద తెల్లటి వరుసలు. దాపరికం లేదు. ఇది సూర్యుడి కోణం, ఇది తారీఖు, ఇది ఊరు అంటూ ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివి, తెలుగులో చెప్పింది. ఎక్కడా ఐదు నిమిషాలు తీసేసిన జాడ లేదు.

"చూసిన్రు గద," అన్నాడు ఉమర్. "ఆమె నోటితోనే చెప్తున్నది. ఎహ్తియాత్ లేదు."

ఇమాం సాబ్ కళ్లు మూసుకున్నారు. దుకాణం వెనక తలుపు అవతల ఇల్లు. అక్కడ నిలబడి వింటున్న అజీముద్దీన్ భార్య షంషున్నీసా, "ఈ షుగర్ ఒంటితోని మల్ల వారం రోజాలా, యా అల్లా," అని మెల్లగా అంది. ఆ గొంతు అందరికీ వినబడింది. కోపంగా ఉంటే హుమేరాకు తేలిగ్గా ఉండేది. అందులో కోపం లేదు.

హుమేరా తెరవైపే చూస్తోంది. అంకెలు ఎక్కడో పొసగడం లేదు. పైకే లెక్క వేసింది.

"ఒక్క నిమిషం ఆగున్రి. ఈ ఫైలు ప్రకారం సైరన్ ఎప్పుడు మోగాలె? ఖచ్చితంగ తెల్లారే టైంకు. క్యాలెండర్ల ఏముంది? దానికన్నా ఐదు నిమిషాలు ముందు. అంటే క్యాలెండర్‌కు, సైరన్‌కు తేడా ఎంతుండాలె?"

"ఐదు," అన్నాడు అజీముద్దీన్.

"ఉమర్ భాయ్, నీ వీడియోల ఎంతున్నది?"

"రెండు."

"మరి మిగిలిన మూడు యాడికి పోయినయి?"

హుమేరాకు తన నెత్తిన తనే ఒక చరుపు వేసుకోవాలనిపించింది. పొద్దున కామారెడ్డిలో కూర్చుని కోడ్ చదివింది, బాగుందనుకుంది, ఫోన్ చేసి చెప్పేసింది. చదివిన కోడే నడుస్తోందా అని ఒక్కసారైనా అడగలేదు. చదువుకున్న మూర్ఖులు చేసే పని. తనకు ఆ చదువు కూడా లేదు.

"ఇది నడుస్తలేదు," అంది.

"ఏది నడుస్తలేదు? సైరన్ రోజూ మోగుతనే ఉంది గద."

"సైరన్ కాదు. ఈ ఫైలు." ఫైలు మధ్యలోకి పోయి, కోడ్ నడుమ తెలుగులో ఒక వరుస కొట్టింది: ఉమర్ భాయ్ జిందాబాద్. సేవ్ చేసి, టీవీ వైపు తిరిగింది. "కంప్యూటర్‌కు ఉమర్ భాయ్ ఎవరో తెల్వదు. ఈ ఫైలు నిజంగ వాడుతుంటే ప్రోగ్రాం ఈ వరుస కాడ చావాలె. సూడున్రి."

ప్రోగ్రాం నడిపింది. తెర మీద ఆనాటి సహర్ వేళ, ఇఫ్తార్ వేళ చక్కగా వచ్చి కూర్చున్నాయి. ఏమీ చావలేదు.

"చెత్త రాసిన సుత చావలే," అంది హుమేరా. గొంతులో ఇప్పుడు పొద్దున లేని బలం వచ్చింది. "అంటే పొద్దటి సంది మనం చూస్తున్నది ఉత్త శవం. పనిచేసేది ఇంకోటి యాడనో ఉన్నది."

గంగారాం బస్తా మీద నుంచి ముందుకు జరిగాడు.

*

వక్త్ జెమ్ ఇంకో కాపీ ఆమెకు ఇచ్చినవాడు నరేందర్. ఒకప్పుడు కామారెడ్డి దుకాణంలో ఆమె పక్క బల్ల మీద కూర్చునేవాడు. ఇప్పుడు అన్నతో కలిసి కోత మిషన్ నడుపుతున్నాడు. హుమేరా ఫోన్ చేసింది. బిచ్కుంద దగ్గర శనగ చేనులో ఉన్నాడు, ఇంజను మోత మధ్య అరుస్తూ మాట్లాడాడు.

"వక్త్ జెమ్‌ల ఏమన్న మార్చినవా నరేందర్?"

"ఏమో, గప్పుడెప్పుడో ఏదో గెలికిన. గిట్‌ల పెట్టి నీకు లింకు ఇచ్చిన గద."

"ఏం గెలికినవ్?"

"నాకేం గుర్తుంటది? పొద్దటి సంది దుమ్ము మింగుతున్న ఈడ. నన్నెందుకు అడుగుతవ్? నీ బోర్డుల్నే ఉంటది. తెరువు, సూడు." పెట్టేశాడు.

హుమేరా నవ్వింది. ఇదే మాట తను ఎంతమందికి చెప్పింది. కామారెడ్డిలో కోర్సులు చేసి వచ్చిన పిల్లలు 'అది లైబ్రరీ లోపలిది, మనం చూడలేం' అన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. ఎందుకు చూడలేం? అది ఎవడి ఇనప్పెట్టెలోనో లేదు. మన మిషన్‌లోనే, మన కరెంటు తింటూ కూర్చుంది.

ఇమాం సాబ్ కళ్లు తెరిచారు. "గిట్ అంటే ఏంది బేటీ?"

"కోడ్ దాచిపెట్టుకునే జాగ, ఇమాం సాబ్. ఎవరు ఏ వరుస మార్చిన్రో అంత యాద్ పెట్టుకుంటది. జెమ్‌ను బజారు నుంచి తెచ్చుకోవచ్చు, లేకుంటే సీదా ఒకల గిట్ నుంచి తెచ్చుకోవచ్చు. నేను ముందుగాల బజారుది తెచ్చిన. తర్వాత నరేందర్ తనది ఇస్తే అదీ తెచ్చిన. రెండూ బోర్డుల పడి ఉన్నయి, కానీ ఒక్క చోట కాదు. బజారుయి ఒక ఫోల్డర్‌ల ఉంటయి. గిట్ నుంచి వచ్చినయి వేరే ఫోల్డర్‌ల. వక్త్ జెమ్ యాడ అని మామూలుగ అడిగితే బజారుదే చూపిస్తది. నేను పొద్దున గట్లనే అడిగిన."

గంగారాం తల ఊపాడు. "డీలర్ కాడ తెచ్చిన ఇత్తనం సంచి ఒక అర్రల ఉన్నది. బామ్మర్ది ఇచ్చిన ఇత్తనం ఇంకో అర్రల ఉన్నది. పొలంల సల్లింది బామ్మర్దిది. నువ్వేమో డీలర్ సంచి ఇప్పి సూస్తున్నవ్."

"గంతే, కాకా. ఇంతకన్న మంచిగ నేను సుత చెప్పలేను."

"మరి ఏ పొలంల ఏ ఇత్తనం సల్లినమో ఎవలకు తెల్సు?"

"బండ్లర్ అని ఒకటుంది. ఏ ప్రోగ్రాంకు ఏ మూట కట్టిన్రో దానికే తెల్సు. దాన్ని అడగాలె." హుమేరా కీబోర్డు ఎత్తి ఉమర్ ముందు పెట్టింది. "నువ్వే కొట్టు, ఉమర్ భాయ్. నేను కొడితే రేపు గ్రూపుల ఇంకోటి పెడ్తవ్."

"నాకేం వస్తది?"

"ఫోన్‌ల అంత పెద్ద పెద్ద మెసేజులు కొడ్తవ్ గద. మూడు మాటలే. బండిల్. ఇన్ఫో. వక్త్."

ఉమర్ రెండు వేళ్లతో కొట్టాడు. అక్షరం తప్పు పడింది, తెర విసుక్కుంది. మళ్లీ కొట్టాడు. ఈసారి జెమ్ పేరు, దాని కింద నరేందర్ గిట్ చిరునామా, దాని కింద ఒక పొడుగాటి దారి వచ్చాయి. ఆ దారి చివర వక్త్ అనే పేరుకు తోకలాగా అర్థం లేని అక్షరాలు, అంకెలు వేలాడుతున్నాయి.

"ఆ తోక ఏంది?" అజీముద్దీన్ అడిగాడు.

"నరేందర్ పెట్టిన వాటిల్ల ఏ మార్పు కాడి కాపీ మన దగ్గర ఉన్నదో దాని గుర్తు, చాచా. ఆ తోకను పట్టుకునే పోదాం."

ఆ ఫోల్డర్ తెరిచింది. ఫైళ్లు అవే, పేర్లు అవే. లెక్క వేసే ఫైలు తెరిచి కిందికి జరిపింది. ముందు చూసిన వరుసలే కనబడ్డాయి: కోణం, తారీఖు, ఊరు. ఇంకొంచెం కిందికి జరిపింది. ఆగింది.

అక్కడ నరేందర్ ఉన్నాడు. బిచ్కుంద చేనులో దుమ్ము మింగుతున్న మనిషి మర్చిపోయిందంతా ఇక్కడ ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు. కామారెడ్డి ఒకటి, ఎల్లారెడ్డి రెండు, బిచ్కుంద, జుక్కల్ వాటి వాటి నిమిషాలు. పక్కనే, క్యాలెండర్ చూసి పెట్టిన అని. దాని కింది వరుసలో సహర్ నుంచి ఐదు తీసేసి ఉంది. ఆ ఐదు పక్కన, ఎహ్తియాత్, మసీదుల అడిగిన అని.

"ఇమాం సాబ్," అంది హుమేరా. "ఇగో. ఐదు."

ఇమాం సాబ్ స్టూలు మీద నుంచి లేచి టీవీ దగ్గరికి నడిచారు. కళ్లద్దాలు సర్దుకుని ఆ వరుసను తనే చదువుకున్నారు. ఎహ్తియాత్ అనే మాట ఏ లిపిలో రాసినా ఆయనకు కొత్త కాదు.

"ఐదు తీసేసి ఉంటే మరి ఆలస్యమెందుకు అయింది?" ఉమర్ అడిగాడు. ఈసారి గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

హుమేరా ఫైలు మొదటికి పోయింది. అక్కడ ఇంకో మాట ఉంది: హైదరాబాద్ జాగనే ఇయ్యాలె, ఊరి నిమిషాలు కింద కలుస్తయి. ఆమె దాన్ని చదివి, ఒక్క క్షణం కూడా నానబెట్టకుండా చెప్పేసింది.

"తప్పు నాది. నరేందర్ పాత క్యాలెండర్ పద్ధతిలనే రాసిండు. హైదరాబాద్ టైం తీసుకో, ఎల్లారెడ్డికి రెండు కలుపు. మొన్నటిదాక నేను హైదరాబాద్ జాగ అంకెలే ఇచ్చిన. ఈ రంజాన్‌కు ముందు నాకు తెలివి ఎక్కువయింది. ఎల్లారెడ్డి సైరన్‌కు హైదరాబాద్ అంకెలెందుకు అని మ్యాపుల చూసి ఎల్లారెడ్డియే ఇచ్చిన. అంటే పడమటి రెండు నిమిషాలు ఒకసారి నేను కలిపిన, మల్ల ఒకసారి నరేందర్ కోడ్ కలిపింది."

"రెండుసార్లు," అన్నాడు అజీముద్దీన్. ఆయన మొహంలో లెక్క తిరుగుతోంది. "ఐదు ముందుకు జరిగింది. దాంట్ల రెండు ఎనుకకొచ్చింది."

"మూడు మిగిలింది. వారం సంది మీరు తెల్లారకముందు మూడు నిమిషాలకే తినుడు బందు చేసిన్రు. క్యాలెండర్‌కు ఆలస్యం, నిజంగ తెల్లారేదానికి కాదు. మీ వీడియోల రెండు ఎందుకున్నదంటే గిదే. ఇఫ్తార్ సుత రెండు నిమిషాలు లేటే అయింది, దానికి రోజా పోదు."

వెనక తలుపు అవతల గాజులు గలగలమన్నాయి.

ఇమాం సాబ్ మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. పొద్దున ఒక మాట విని ఊరు కంగారుపడటం ఆయన చూశారు. "ఇందాక చూపించింది నడుస్తలేదన్నవ్. ఇది నడుస్తున్నదని నేనెట్ల నమ్మాలె?"

"నమ్మకున్రి," అంది హుమేరా. "ఉమర్ భాయ్, నీకు జిందాబాద్ కొట్టుకో."

ఉమర్ ఈసారి బతిమాలించుకోలేదు. తన పేరు తనే కోడ్ నడుమ కొట్టి, సేవ్ చేసి, ప్రోగ్రాం నడిపాడు. తెర నిండా ఎర్రటి అక్షరాలు. ఉమర్ అంటే ఏమిటో తనకు తెలియదని ప్రోగ్రాం అక్కడికక్కడే కూలబడింది.

గంగారాం ఇక ఆపుకోలేకపోయాడు. "సచ్చింది, సేటు. నీ ఉమర్ పేరు సెప్పంగనే సచ్చింది."

ఉమర్ కూడా నవ్వాడు. పొద్దున నుంచి ఆయన మొహంలో మొదటి నవ్వు అది.

*

ఉమర్ ఆ వరుస చెరిపేశాక అజీముద్దీన్ అడిగాడు, అక్కడే ఆ రెండును కూడా చెరిపేస్తే అయిపోతుంది కదా అని. హుమేరా వద్దంది.

"ఈ అర్ర మనది కాదు, చాచా. చూడొచ్చు, చదవొచ్చు, పరీక్ష కోసం గెలకొచ్చు. కానీ రేపు బోర్డు పాడయి అన్నీ మల్ల దించుకుంటే, మనం ఈడ రాసింది ఉండది. గిట్‌ల ఉన్నదే వస్తది. అప్పుడు ఎవలకూ తెల్వకుంట తప్పు మల్ల మొదలయితది. నేను మార్చాల్సింది నా వరుస."

తన ప్రోగ్రాం తెరిచింది. ఎల్లారెడ్డి అంకెలు తీసేసి హైదరాబాద్ అంకెలు పెట్టింది. ఎందుకు పెట్టిందో పక్కన రాసింది. నడిపి చూసింది. ఉమర్ ఎవరూ చెప్పకుండానే గోడమీది క్యాలెండర్ దగ్గరికి పోయి, వేలు పెట్టి, అడుగున ఉన్న రెండు కలుపుకుని గట్టిగా చదివాడు. తెర మీదిదీ అదే.

అప్పుడు హుమేరా ఎవరూ అడగని మాట ఒకటి చెప్పింది. "కామారెడ్డిల సుత నేను ఇదే పని చేసిన, ఇమాం సాబ్. ఆడ ఒక నిమిషం తేడా. ఎవరూ చూడలే. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తున్న."

"ఎవరూ చూడనిది చెప్పుడెందుకు?" ఉమర్ ఆశ్చర్యపోయాడు. "నాలుగు నిమిషాలు ముందుగాల ఆపినట్టే గద. రోజాలకు ఏం కాలేదు."

"ఏం కాలేదని నాకు తెల్సు. ఆళ్లకు తెల్వది గద."

కామారెడ్డి మసీదుకు ఫోన్ చేసి, నిలబడిన చోటే మొత్తం చెప్పింది. అవతల ఎవరో అరిచారు. ఆమె వింది, మళ్లీ మొదటి నుంచి చెప్పింది, పెట్టేసింది.

అజీముద్దీన్ బోర్డు వైరు చుడుతూ, "తప్పు ఆమెదే అని తేలింది," అన్నాడు, ఎవరితోనో పందెం కాసినట్టు. "సైరన్ ఉంచాలెనా, తియ్యాలెనా? కమిటీ చెప్పాలె."

కమిటీ అంటే ఆ దుకాణంలో ఆయన కాక ఉన్నది ఉమర్ ఒక్కడే. ఉమర్ బోర్డు వైపు చూశాడు. తర్వాత తన ఫోన్ వైపు చూశాడు. డెమోకు మనిషిని పంపిస్తామన్న మెసేజ్ అప్పటికే వచ్చి ఉంది.

"ఉంచుదాం," అన్నాడు. "కానీ ఒక షరతు. ఆ మూడు మాటలు నాకు కాయితం మీద రాసియ్యాలె."

"రాసియ్యను. ఇంకోసారి కొట్టు, అదే వస్తది."

కొట్టాడు. వచ్చింది.

అసర్ తర్వాత ఇమాం సాబ్ మైకులో మాట్లాడారు. ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో. గడిచిన రోజాలన్నీ చెల్లినట్టే, ఎవరూ ఖజా ఉండనవసరం లేదు అన్నారు. సైరన్ క్యాలెండర్ కన్నా రెండు నిమిషాలు ఆలస్యమైన మాట నిజమే, ఎందుకైందో లోపల తెరిచి తన కళ్లతో చూశానన్నారు. ఈ సాయంత్రం నుంచి సరిగ్గా మోగుతుందన్నారు. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆపలేదు. ఎవరికైనా అనుమానముంటే అజీముద్దీన్ దుకాణానికి పోయి టీవీలో చూసుకోండి, ఉమర్ చూపిస్తాడు అన్నారు.

జనం వచ్చారు. రాకుండా ఎలా ఉంటారు? బస్టాండులో ఆటోవాళ్లు, పండ్ల బండివాళ్లు, బురఖాల్లో నలుగురు ఆడవాళ్లు, గంగారాం పిలుచుకొచ్చిన ఆయన ఊరివాళ్లు ఇద్దరు. ఉమర్ కీబోర్డు ముందు కూర్చుని, అంతా తనే రాసినట్టు, డీలర్ విత్తనం, బామ్మర్ది విత్తనం అంటూ చెబుతున్నాడు. ప్రతి కొత్త గుంపు ముందూ తన పేరు కొట్టి ప్రోగ్రాంను ఒకసారి చంపి, చెరిపి, మళ్లీ బతికిస్తున్నాడు. చివరికి హుమేరా ఆపింది.

"బోర్డు తీస్కపోయి మసీదుల పెట్టు ఇగ, ఉమర్ భాయ్. నువ్విట్లనే చంపుకుంట కూసుంటే ఇఫ్తార్‌కు మోగేదెవరు?"

ఉమర్ నాలుక కరుచుకుని బోర్డు అందుకుని పరుగెత్తాడు.

షంషున్నీసా వెనక తలుపులోంచి ఒక పళ్లెం అందించింది. ఖర్జూరాలు, కోసిన పుచ్చకాయ, గ్లాసులో రూహఫ్జా షర్బత్. "బస్సు గిస్సు మల్ల చూద్దువు గని. రోజా ఈడ్నే విప్పు."

హుమేరా మేకుల డబ్బా పక్కకు జరిపి, కౌంటర్ మీద పళ్లెం పెట్టుకుని కూర్చుంది. ఒక ఖర్జూరం చేతిలో పట్టుకుంది. దుకాణంలో ఉన్నవాళ్లు సగం మంది క్యాలెండర్ వైపు, సగం మంది తమ ఫోన్ల వైపు చూస్తున్నారు. ఆమె రెండింటి వైపూ చూడలేదు.

సైరన్ మోగింది. క్యాలెండర్ దగ్గర నిలబడ్డ పండ్ల బండి మనిషి "బరాబర్," అన్నాడు. అందరూ నోట్లో ఏదో ఒకటి వేసుకున్నారు. గంగారాం కూడా.